ఇంటర్ తర్వాత రేడియోథెరపీ కోర్సు: కాలేజీ ఎంచుకోవడం నుంచి మొదటి ఏడాది గట్టెక్కేదాకా

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచీ నాకు ఒకటే ఫోన్లు. అమలాపురం నుంచి, రాజోలు నుంచి, పాలకొల్లు నుంచి. "మా అమ్మాయికి బైపీసీలో మంచి మార్కులే వచ్చాయండి, ఎంబీబీఎస్ సీటు రాలేదు, రేడియోథెరపీ అని ఏదో కోర్సు ఉందంట కదా, చేర్పించమంటారా?" ఆ వెంటనే కొంచెం గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న: "రేడియేషన్ కదండీ, రేపు పెళ్ళీ పిల్లలూ... ఏం ఇబ్బంది ఉండదు కదా?"

ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నాను. నేను కోనసీమలో పుట్టి, ఈ కోర్సే చదివి, క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ మిషన్ దగ్గర పని చేస్తున్నదాన్ని. ఇది చదివాక కూడా అనుమానం ఉంటే రెండో మెట్టు దగ్గర చెప్పినట్టు ఒకసారి ఆసుపత్రికి వెళ్ళి చూడండి, సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

ముందు ఆ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న సంగతి. పేషెంటుకి రేడియేషన్ ఇచ్చేటప్పుడు మేం ఆ గదిలో ఉండం. మందపాటి కాంక్రీటు గోడల అవతల కూర్చుని కెమెరాలో చూస్తూ ఉంటాం. తలుపు తెరిస్తే మిషన్ ఆగిపోతుంది. మన దేశంలో దీన్నంతా చూసేది అణుశక్తి నియంత్రణ మండలి, అందరూ ఏఈఆర్‌బీ అంటారు, 1983లో పెట్టారు. వాళ్ళ నియమం ప్రకారం ఈ పనిలో ఉన్నవాళ్ళకు ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే లెక్క), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. అది గరిష్ఠ పరిమితి. నియమాలు పాటిస్తూ పని చేసే మాబోటి వాళ్ళకు వచ్చేది దానికి చాలా చాలా తక్కువ. గర్భం వచ్చిందని తెలియజేసిన దగ్గర్నుంచి కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్టు దాటకుండా డ్యూటీలు మార్చాలనే నియమం కూడా ఉంది. కాబట్టి ఆడపిల్ల అన్న ఒక్క కారణంతో ఈ కోర్సు మానకండి. మానాల్సిన కారణాలు వేరే ఉన్నాయి, అవి కింద చెబుతాను.

కావలసినవి

ఇంటర్ సైన్స్ గ్రూపు. బైపీసీ అయితే దాదాపు అన్నిచోట్లా తీసుకుంటారు. ఎంపీసీ వాళ్ళు ఒక్కో కాలేజీ ప్రాస్పెక్టస్ చూసుకోవాలి. ఫిజిక్స్ అంటే మరీ భయం లేకుండా ఉండాలి, మార్కులు తక్కువైనా ఫర్వాలేదు, లెక్క వేయడానికి ఓపిక ఉండాలి. ఇంగ్లీషులో పాఠం చదివి తెలుగులో ఇంకొకరికి చెప్పగలిగితే చాలు, ఫ్లూయెంట్‌గా మాట్లాడక్కర్లేదు. ఒక నోటుబుక్కు, స్కేలు, మామూలు కాలిక్యులేటర్. సర్టిఫికెట్లు (నాలుగో మెట్టులో). అన్నిటికన్నా ముందు, చేరే ముందు కాలేజీల చుట్టూ తిరగడానికి ఒక వారం. ఆ వారం తిరగడానికి బద్ధకించి నాలుగేళ్ళు బాధపడ్డవాళ్ళు నాకు తెలుసు.

1. ఏ కోర్సు అడుగుతున్నారో ముందు మీకు తెలియాలి

రేడియాలజీ వేరు, రేడియోథెరపీ వేరు. ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై తీసి జబ్బు ఎక్కడుందో చూపించేది మొదటిది. క్యాన్సర్ గడ్డ మీదికి గురిచూసి రేడియేషన్ ఇచ్చి వైద్యం చేసేది రెండోది. మామూలు ఎక్స్‌రే మిషన్ లక్ష వోల్టుల చుట్టుపక్కల పని చేస్తే, మా లీనియర్ యాక్సిలరేటర్, లీనాక్ అంటాం, 60 లక్షల వోల్టులు, అంతకు పైన కూడా పని చేస్తుంది. సీటు దొరికిందన్న సంతోషంలో పేరు సరిగ్గా చదవకుండా ఒకటనుకుని ఇంకొకటి చేరిపోయినవాళ్ళు ఉన్నారు. అప్లికేషన్ మీద "రేడియోథెరపీ టెక్నాలజీ" అనో "రేడియేషన్ థెరపీ టెక్నాలజీ" అనో స్పష్టంగా ఉండాలి. "ఇమేజింగ్" అని ఉంటే అది ఎక్స్‌రే వైపు కోర్సు. అదీ మంచి కోర్సే, కానీ మీరు అడిగింది అది కాదు.

పనిలో ఇంకో పెద్ద తేడా ఉంది. ఎక్స్‌రేకి వచ్చిన మనిషి పది నిమిషాల్లో వెళ్ళిపోతాడు. మా దగ్గరికి వచ్చే మనిషి వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు, ఒక్కోసారి ఏడు వారాలు వస్తూనే ఉంటారు. మొదటి రోజు నడిచి వచ్చినవాళ్ళు నాలుగో వారంలో మింగలేక, మాట పెగలక, నీరసంగా వస్తారు. మళ్ళీ రెండు నెలల తర్వాత చెకప్‌కి వచ్చి పలకరిస్తారు. మనుషులతో ఇంతకాలం మెలగడం ఇష్టమైతే ఈ కోర్సు మీకే.

డిగ్రీ అయితే సాధారణంగా మూడేళ్ళ చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో రేడియోథెరపీ టెక్నాలజిస్టు పేరు జాబితాలో ఉంది. ఈ తరహా వృత్తికి డిప్లొమా అయినా డిగ్రీ అయినా కనీసం 2000 గంటల చదువు ఉండాలని అందులో రాశారు. అంటే "ఆరు నెలల్లో సర్టిఫికెట్, వెంటనే ఉద్యోగం" అనే బోర్డు కనిపిస్తే అక్కడ ఆగకండి.

ఎంపీసీ పిల్లలకు ఇంకో దారి ఉంది: బీఎస్సీ, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి, ఆపైన ముంబైలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) నడిపే రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా. లేదా చెన్నై అన్నా యూనివర్సిటీలో లాగా ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్. అవి చేసినవాళ్ళు మెడికల్ ఫిజిసిస్టులవుతారు, డోసు లెక్కలు వేసేది వాళ్ళే. చదవాల్సిన ఏళ్ళు ఎక్కువ.

2. చేరకముందే ఒకసారి చూసి రండి

ఇది ఎవరూ చేయరు. ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

రేడియేషన్ విభాగం ఉన్న ఏదైనా ఆసుపత్రికి పొద్దున్నే వెళ్ళండి. మనవాళ్ళు వైద్యానికి వెళ్ళే చోట్లే, కాకినాడ, రాజమండ్రి, విజయవాడ, విశాఖ వైపు, ఎక్కడ వీలైతే అక్కడ. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. లోపలికి పంపమని పట్టుబట్టకండి, పంపరు, పంపకూడదు. రిసెప్షన్‌లో "ఈ కోర్సు చేద్దామనుకుంటున్నానండి, టెక్నాలజిస్టుతో ఐదు నిమిషాలు మాట్లాడొచ్చా" అని అడగండి. మధ్యాహ్నం భోజనం వేళకు రమ్మంటారు చాలామంది. మాకు ఎవరూ రాక, అడిగేవాళ్ళు లేక, వస్తే ఆనందంగానే చెబుతాం.

ఈలోపు బయట బెంచీ మీద కూర్చుని చుట్టూ చూడండి. ముక్కుకు గొట్టం ఉన్నవాళ్ళు, మెడ మీద చర్మం నల్లబడ్డవాళ్ళు, బుగ్గకు కట్టు ఉన్నవాళ్ళు కనిపిస్తారు. నోటి క్యాన్సర్ పుండు వాసన వస్తుంది. అది తట్టుకోగలనా అని మిమ్మల్ని మీరు అడగండి. మొదటి రోజు కళ్ళు తిరిగితే కంగారు పడొద్దు, నాకూ తిరిగాయి, వారంలో అలవాటైంది. కానీ అసహ్యం కలిగితే మాత్రం నిజం ఒప్పుకోండి. అసహ్యం దాచలేరు, పేషెంటు మొహం చూసి పట్టేస్తారు.

చేయకూడనిది: పేషెంట్లను "మీకేం జబ్బు, ఎన్నో స్టేజి" అని అడగడం. ఫొటోలు తీయడం. రెండూ వద్దు.

3. కాలేజీని పట్టి చూడండి

మా పెదనాన్న మనవడి సంగతి చెబుతాను. వాడు చేరిన కాలేజీలో రంగుల బ్రోచర్ ఉంది, హాస్టల్ ఉంది, ఏసీ క్లాసురూములు ఉన్నాయి. మిషన్ లేదు. "సెకండియర్‌లో పెద్ద ఆసుపత్రికి పంపిస్తాం" అన్నారు. సెకండియర్ వచ్చాక ఆ ఆసుపత్రితో ఒప్పందమే లేదని తేలింది. చివరి ఏడాది రెండు నెలలు ఎక్కడో పంపారు, అక్కడ గది బయటే నిలబెట్టారు. చేతికి డిగ్రీ వచ్చింది, ఇంటర్వ్యూలో "పేషెంటు తల కదలకుండా వేసే మాస్కు ఎలా చేస్తారు చెప్పు" అంటే చెప్పలేకపోయాడు. ఆ తర్వాత ఒక ఆసుపత్రిలో తక్కువ జీతానికి ఏడాదిన్నర పని నేర్చుకుంటే గానీ నిలదొక్కుకోలేదు. నాలుగేళ్ళ ఫీజుకి వాళ్ళ నాన్న ముప్పావెకరం కొబ్బరి తోట తాకట్టు పెట్టాడు.

అందుకని బ్రోచర్ పక్కన పెట్టి ఇవి అడగండి, సమాధానాలు నోటుబుక్కులో రాసుకోండి:

- మిషన్ ఎక్కడుంది? మీ ఆవరణలోనేనా, వేరే ఆసుపత్రిలోనా? వేరేచోట అయితే ఒప్పందం కాగితం చూపిస్తారా?
- ఆ మిషన్‌కి ఏఈఆర్‌బీ లైసెన్సు ఉందా? ఏ తేదీ వరకు?
- రోజుకి ఎంతమందికి ట్రీట్‌మెంట్ ఇస్తున్నారు?
- మెడికల్ ఫిజిసిస్టు ఉన్నారా? రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఎవరు?
- విద్యార్థులకు టీఎల్‌డీ బ్యాడ్జీలు (ఒంటి మీద పడ్డ రేడియేషన్ ఎంతో కొలిచేవి) ఇస్తారా, ఎన్నో సెమిస్టర్ నుంచి?
- యూనివర్సిటీ అనుమతి ఈ ఏడాదికి ఉందా? ఎన్ని సీట్లకు?

చివరి ప్రశ్నకు కాలేజీ చెప్పింది నమ్మి ఊరుకోకండి. మన రాష్ట్రంలో ఆరోగ్య కోర్సుల డిగ్రీలు చూసేది విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, 1986 నుంచి ఉంది. డిప్లొమాలు పారామెడికల్ బోర్డు చూస్తుంది. వాళ్ళ వెబ్‌సైట్లలో ఈ ఏడాది జాబితాలో ఆ కాలేజీ పేరు, దాని ఎదురుగా ఈ కోర్సు పేరు రెండూ ఉండాలి. కాలేజీ పేరు ఉండి కోర్సు పేరు లేకపోతే ఆ కోర్సుకి అనుమతి లేనట్టే లెక్క. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు.

ఆ తర్వాత గేటు బయట టీ కొట్టు దగ్గర ఇద్దరు సీనియర్లను విడివిడిగా పట్టుకుని అడగండి: "నువ్వు నీ చేత్తో ఎంతమంది పేషెంట్లను మిషన్ కింద సరిగ్గా పడుకోబెట్టి సెట్ చేశావు?" సమాధానం అంకెలో రావాలి. "చూశామండీ, చూపించారండీ" అంటే అర్థమైపోతుంది.

బయటి రాష్ట్రాల సంగతి. మనవాళ్ళు వైద్యానికి వెళ్ళే వేలూరు సీఎంసీలో రేడియోథెరపీ టెక్నాలజీ డిగ్రీ ఉంది, పోటీ గట్టిగా ఉంటుంది. కాకినాడ నుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ కాట్పాడి మీదుగా పోతుంది, కాబట్టి దూరమని భయపడక్కర్లేదు. యానాం పిల్లలకు ఒక లాభం: చుట్టూ గోదావరి జిల్లాలే ఉన్నా మీరు పుదుచ్చేరి లెక్కలోకి వస్తారు, అక్కడి సెంటాక్ కౌన్సెలింగ్‌లో యానాం ప్రాంతానికి ప్రత్యేకంగా సీట్లు ఉంటాయి. ఎదుర్లంక వంతెనకు అటు ఉన్నవాళ్ళకీ ఇటు ఉన్నవాళ్ళకీ నోటిఫికేషన్లు వేరు, పక్కింటివాళ్ళను చూసి అప్లై చేయకండి.

కన్సల్టెన్సీ వాళ్ళు ఇంటికొచ్చి "క్లాసులకు వెళ్ళక్కర్లేదు, పరీక్షలు రాస్తే చాలు" అంటే తలుపేసుకోండి. ఆరోగ్య వృత్తుల కోర్సులను దూరవిద్యలో చెప్పకూడదని యూజీసీ 2025లో ఆదేశించింది.

4. కాగితాలు

టెన్త్, ఇంటర్ మార్కుల మెమోలు, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆధార్, ఫొటోలు. కులం, ఆదాయం సచివాలయంలో అప్లై చేయండి, చివరి వారంలో అందరూ ఒకేసారి వస్తారు కాబట్టి ముందే వెళ్ళండి. బయటి రాష్ట్రమైతే మైగ్రేషన్ కూడా. టెన్త్ మెమోలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం చూడండి, ఇంటిపేరు ముందుండడం వెనకుండడం దగ్గరే తంటా వస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ కాలేజీలో ఆ కోర్సుకి వర్తిస్తుందా అని విడిగా అడగండి.

ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఇవ్వక తప్పదంటే రసీదు రాయించుకోండి.

5. క్లాసులు మొదలయ్యేలోపు నెల రోజులు: సైన్సు చేతికి అలవాటు చేసుకోండి

మొదటి ఏడాది ఫెయిలయ్యేవాళ్ళలో ఎక్కువమంది పోయేది ఫిజిక్స్‌లో. పుస్తకం బట్టీ పట్టడం వల్ల. కింది రెండూ ఇంట్లోనే చేయండి, క్లాసులో ఆ పాఠం వచ్చినప్పుడు పాత స్నేహితుడిలా కనిపిస్తుంది.

మొదటిది దూరం లెక్క. రాత్రి వరండాలో లైట్లు తీసేసి, ఫోన్ టార్చిని గోడకు సరిగ్గా 1 మీటరు దూరంలో పెట్టండి. అట్టముక్కకు 5 సెంటీమీటర్ల చదరపు కన్నం కోసి టార్చికి 50 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టండి. గోడ మీద పడే వెలుగు చదరం 10 సెంటీమీటర్లు ఉండాలి. దూరం రెండింతలైతే అదే వెలుగు నాలుగింతల స్థలానికి పంచుకుంది, అంటే ఒక్కో చోట నాలుగో వంతే పడింది. 10 రాలేదా? దాదాపు ఎప్పుడూ తప్పు ఒకటే: దూరం టార్చి నుంచి కొలవకుండా అట్ట నుంచి కొలిచి ఉంటారు. సరిగ్గా ఇదే తప్పు రేపు మిషన్ దగ్గర చేస్తే, 100 సెంటీమీటర్ల దూరంలో ఉండాల్సిన చర్మం 98లో ఉంటే, అక్కడ డోసు సుమారు 4 శాతం పెరిగిపోతుంది. కాలిక్యులేటర్ మీద 100ని 98తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి చూడండి.

రెండోది అర్ధాయువు, అంటే రేడియేషన్ ఇచ్చే పదార్థం సగానికి తగ్గడానికి పట్టే కాలం. 64 నాణేలు ఒక గిన్నెలో వేసి కుదిపి పోయండి. బొరుసు పడ్డవి తీసేయండి. మిగిలినవి లెక్కపెట్టి రాయండి. మళ్ళీ పోయండి. 32, 16, 8 దగ్గరదగ్గరగా వస్తాయి, కచ్చితంగా రావు, అదే పాఠం. అష్టాచెమ్మా చింతపిక్కలతో చేద్దామనుకుంటే వద్దు, అరగదీసిన గింజ రెండువైపులా సమానంగా పడదు. ఇప్పుడు ఒక్కో పోతను 5.27 ఏళ్ళు అనుకోండి, అది కోబాల్ట్-60 అర్ధాయువు. నెలకు ఒక శాతం కన్నా కొంచెం ఎక్కువ తగ్గుతుంది, అందుకే కోబాల్ట్ మిషన్ మీద ట్రీట్‌మెంట్ సమయం నెలనెలా పెంచుతూ పోతారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి లోపల పెట్టి ఇచ్చే వైద్యంలో వాడే ఇరిడియం-192 అయితే సుమారు 74 రోజులు, అంటే రోజుకి దాదాపు ఒక శాతం.

శరీర శాస్త్రానికి అద్దం చాలు. మెడ ఎముక ఎక్కడ, రొమ్ము ఎముక కింది కొస ఎక్కడ, తుంటి ఎముక ముందు మొన ఎక్కడ, మీ ఒంటి మీద మీరే వేలితో తడిమి పేర్లు చెప్పండి. రేపు పేషెంటు మీద మార్కులు పెట్టేది అక్కడే.

చరిత్రకు ఎక్కువ టైం పెట్టకండి. రాంట్‌జెన్ 1895, బెకరెల్ 1896, క్యూరీ దంపతులు రేడియం 1898. ఈ మూడూ గుర్తుంటే మొదటి ఏడాదికి సరిపోతుంది.

6. సామాజిక బాధ్యత పేపర్: ఇది తేలిక సబ్జెక్టు కాదు

సిలబస్‌లో నీతి నియమాలు, పర్యావరణం, ఆసుపత్రి వ్యర్థాలు, సమాజ సేవ ప్రాజెక్టు, ఇలా రకరకాల పేర్లతో ఉంటుంది. పిల్లలు పరీక్షకు ముందు రోజు రాత్రి చదివి వదిలేస్తారు. నేను చెప్పేది వినండి, ఈ వృత్తిలో మనుషుల ప్రాణాలు పోయిన చోట్ల కారణం ఎక్కువగా ఈ పేపర్‌లోనే ఉంది.

1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో మూతబడిన క్లినిక్‌లో రేడియోథెరపీ మిషన్ ఒకటి వదిలేసి వెళ్ళిపోయారు. పాత సామాను కోసం వచ్చినవాళ్ళు దాన్ని పగలగొట్టారు. లోపలి సీజియం-137 పొడి చీకట్లో నీలంగా మెరుస్తుంటే ముచ్చటపడి ఇళ్ళకు తీసుకెళ్ళారు. నలుగురు చనిపోయారు, వాళ్ళలో ఆరేళ్ళ పాప ఉంది. మన దేశంలో 2010లో ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగం వాడకుండా పడేసిన గామా యంత్రాన్ని వేలంలో పాత ఇనుము కింద అమ్మేసింది. మాయాపురి తుక్కు బజారులో కోబాల్ట్-60 బయటపడి ఒక మనిషి చనిపోయాడు. యంత్రం లోపల ఏముందో తెలిసిన చదువుకున్నవాళ్ళు, అది ఎక్కడికి పోతుందో పట్టించుకోలేదు. పరీక్షలో "బాధ్యత అంటే ఏమి" అని వస్తే ఈ రెండూ రాయండి, ఎవరు ఏ దశలో ఆపగలిగేవారో వరుసగా రాయండి. మార్కులూ వస్తాయి, మనసులోనూ ఉంటుంది.

ఇక ప్రాజెక్టు. చాలామంది గూగుల్‌లో దొరికిన ప్రశ్నలు ప్రింటు తీసి, ఊళ్ళో యాభై ఇళ్ళు తిరిగి "క్యాన్సర్ గురించి మీకు తెలుసా, అవును లేదా కాదు" అని టిక్కులు పెట్టుకొస్తారు. దానివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. మన డెల్టాకు పనికొచ్చే ప్రాజెక్టు ఒకటి చెబుతాను, కావలిస్తే తీసుకోండి.

రేడియేషన్ మొదలుపెట్టి మధ్యలో మానేసేవాళ్ళు ఎందుకు మానేస్తున్నారో కనుక్కోండి. రోజుకి 2 గ్రే (ఒంట్లోకి ఇచ్చే రేడియేషన్ మోతాదుకి కొలత) చొప్పున 30 నుంచి 35 రోజులు అనేది మేం తరచుగా చూసే లెక్క. మధ్యలో వారం తప్పితే ఆ వారంలో గడ్డ మళ్ళీ పెరగడం మొదలుపెడుతుంది, ముఖ్యంగా నోరు, గొంతు, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లలో. తప్పిన రోజులు చివర్లో కలిపేస్తే సరిపోతుందనుకుంటారు ఇళ్ళల్లో, సరిపోదు.

మన దగ్గర మానడానికి కారణాలు మన ఊళ్ళవే. రోజూ వెళ్ళిరావడానికి తోడు మనిషి లేక. కోతల సమయం వచ్చి. చెరువు పట్టుబడికి వచ్చి. నోరు పూసి తినలేక, రేడియేషన్ పడలేదనుకుని. "కరెంటు పెడుతున్నారు" అని భయపడి. చేతిలో డబ్బు లేదని మానేసేవాళ్ళున్నారు, మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అని పిలుచుకునే ఎన్టీఆర్ వైద్య సేవలో రేడియేషన్ వైద్యం ఉందని తెలియక. ఇక లంక గ్రామాల్లో వరద. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కాజ్‌వేలు మునిగితే పడవే దిక్కు. 2022 జూలైలో అలా ఇరుక్కుపోయి రోజుల తరబడి రాలేకపోయినవాళ్ళు మా జాబితాలోనే ఉన్నారు.

కాబట్టి ఇలా చేయండి. గైడ్ దగ్గర, ఆసుపత్రి దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి. జూన్‌లోపే, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని, ఒక్క మండలం మాత్రమే ఎంచుకోండి. ఎవరి ఇంటికి వెళ్ళినా పొరుగువాళ్ళ ముందు క్యాన్సర్ మాట ఎత్తకండి. చాలా ఇళ్ళల్లో పేషెంటుకే జబ్బు పేరు చెప్పి ఉండరు, మీరు చెప్పేయకండి. "ఆసుపత్రికి ఎలా వెళ్తున్నారు పెద్దమ్మా, తోడు ఎవరొస్తున్నారు, తిండి సహిస్తోందా" అని మొదలుపెట్టండి. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసుకోండి, పేరు బదులు అంకె వేయండి. వరద వస్తే గట్టుకి ఇవతల ఏ బంధువుల ఇంట్లో ఉండగలరో ముందే అడిగి, రెండో హెచ్చరిక కోసం చూడకుండా మొదటి హెచ్చరికకే బయల్దేరేలా ఒప్పించండి.

ప్రాజెక్టు బాగా వచ్చిందా లేదా చూసుకునే పద్ధతి: మీ రిపోర్టు చదివి ఆసుపత్రివాళ్ళు రేపటి నుంచి ఒక్క పనైనా మార్చుకోగలరా? మార్చుకోవడానికి అందులో ఏమీ లేకపోతే ఇంకో రెండు ఇళ్ళకు వెళ్ళండి.

వ్యర్థాల రంగులు కూడా ఇదే పేపర్‌లో అడుగుతారు. 2016 నియమాల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం. సూదులు తెలుపులో. దీన్ని వార్డుకెళ్ళి డబ్బాల ముందు నిలబడి నేర్చుకోండి.

7. మిషన్ గదిలో మొదటి రోజులు

టీఎల్‌డీ బ్యాడ్జీ ఛాతీ దగ్గర పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి మారుస్తారు. ట్రీట్‌మెంట్ గదిలో కోటుకు తగిలించి మర్చిపోయి బయటికి వచ్చేస్తే, పేషెంటుకి ఇచ్చిన రేడియేషన్ మీ లెక్కలో పడుతుంది, ఆ తర్వాత ఏఈఆర్‌బీ నుంచి వచ్చే ప్రశ్నలకు వివరణ ఇచ్చుకోవాలి. ఇది మొదటి ఏడాది పిల్లలు చేసే నంబర్ వన్ తప్పు. ఒకరిది ఇంకొకరు పెట్టుకోకండి. మీకే ఎక్స్‌రే తీయించుకోవాల్సి వస్తే బ్యాడ్జీ తీసి వెళ్ళండి.

పేషెంటును పిలిచేటప్పుడు "లక్ష్మిగారేనా?" అని అడగకండి. మన జిల్లాల్లో ఒకే బెంచీ మీద ముగ్గురు లక్ష్ములు, ఇద్దరు సత్యనారాయణలు ఉంటారు, పైగా చెవి వినపడని పెద్దవాళ్ళు అన్నిటికీ "ఆఁ" అంటారు. "మీ పేరు, ఇంటిపేరు, ఊరు చెప్పండి" అని వాళ్ళ నోటితోనే చెప్పించుకోండి. ఫొటో, నంబరు సరిచూడండి. ఇద్దరు చూడాలి, ఇద్దరూ పైకి చదవాలి.

తల, మెడ క్యాన్సర్ వాళ్ళకు వాడే మాస్కు 65 నుంచి 70 డిగ్రీల వేడి నీళ్ళలో మెత్తబడే ప్లాస్టిక్ జాలీ. నీళ్ళు తుడిచి, మీ మణికట్టు మీద వేడి చూసుకుని, పేషెంటుకి ముందే చెప్పి మొహం మీద వేయాలి. "గోరువెచ్చగా ఉంటుందండి, ముక్కుతో గాలి ఆడుతుంది, చెయ్యెత్తితే వెంటనే వచ్చేస్తాం" అనండి. ఈ మూడు ముక్కలు చెప్పకపోతే వాళ్ళు బిగుసుకుపోతారు, మాస్కు అలాగే గట్టిపడుతుంది, రేపు వాళ్ళు వదులుగా పడుకుంటే సరిపోదు. మూడు నాలుగు వారాల తర్వాత బరువు తగ్గి మాస్కు వదులైతే "ఫర్వాలేదులే" అనుకోకుండా ఫిజిసిస్టుకి చెప్పండి.

గది వదిలే ముందు పేషెంటు తప్ప లోపల ఎవరూ లేరని కళ్ళతో చూసి, ఆ తర్వాతే బటన్ నొక్కి తలుపు వేయాలి. తోడు వచ్చిన మనవరాలు మూల కుర్చీలో కూర్చుండిపోవచ్చు.

ఏడాది చివర ఇవి చేసి చూడండి, ఎవరి సాయం లేకుండా. నెలలో కోబాల్ట్ ఎంత తగ్గుతుందో కాగితం మీద లెక్కకట్టగలరా? మీ అమ్మమ్మకు రేడియేషన్ వైద్యం అంటే ఏంటో ఒక్క ఇంగ్లీషు మాట లేకుండా చెప్పగలరా? బ్యాడ్జీ రీడింగు మీకు చూపించారా, సంతకం పెట్టారా? ఎంతమంది పేషెంట్లను దగ్గరుండి సెట్ చేయడం చూశారో రికార్డు బుక్కులో అంకె ఉందా?

చివరి రెండిటికీ "లేదు" అయితే తప్పు మీది కాదు, కాలేజీది. మొదటి ఏడాదిలోనే ప్రిన్సిపాల్‌కి రాసి ఇవ్వండి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి, పది మంది కలిసి సంతకాలు పెట్టండి. సమాధానం రాకపోతే ఆ కాపీతోనే యూనివర్సిటీకి రాయండి. రెండో ఏడాది ఫీజు కట్టకముందే ఇదంతా జరగాలి, కట్టేశాక మీ మాటకు బలం తగ్గిపోతుంది.